దీర్ఘకాలిక ఎరువుల ప్రయోగాలలో నమూనాల, రికార్డుల భద్రత: రోథామ్‌స్టెడ్ అనుభవం, మన పరిశోధనా స్థానాల కర్తవ్యం

సారాంశం

దీర్ఘకాలిక వ్యవసాయ ప్రయోగం ఇచ్చే ఫలితాలలో ప్రచురితమైన దిగుబడి పట్టికలు ఒక భాగం మాత్రమే. ఆ మళ్ల నుంచి ఏటా సేకరించి భద్రపరచిన మట్టి, గింజ, గడ్డి నమూనాలు, మడిలో జరిగిన ప్రతి పనినీ నమోదు చేసిన రిజిస్టర్లు రెండవ భాగం. ఇంగ్లండులోని రోథామ్‌స్టెడ్ పరిశోధనా కేంద్రంలో 1843 నుంచి భద్రపరచిన నమూనాలు, వాటిని సేకరించిన వారికి ఊహకైనా రాని ప్రశ్నలకు సమాధానం చెప్పాయి. ఆ అనుభవాన్ని పరిశీలించి, మన దేశంలోని దీర్ఘకాలిక ప్రయోగాలకు, ప్రత్యేకించి తెలుగు రాష్ట్రాల పరిశోధనా స్థానాలకు దాని నుంచి గ్రహించదగిన ఆచరణాత్మక సూత్రాలను ఈ వ్యాసం వివరిస్తుంది. రికార్డులో ఒక్క వివరం లోపించినా శాస్త్రీయ నిర్ధారణ ఎట్లా తప్పుదారి పడుతుందో కొన్ని లెక్కల ద్వారా చూపుతుంది.

కీలక పదాలు: దీర్ఘకాలిక ప్రయోగాలు, నమూనాల భాండాగారం, క్షేత్ర రికార్డులు, సేంద్రియ కర్బనం, సూక్ష్మ పోషకాలు

1. పరిచయం

భూసారంలో వచ్చే మార్పులు నెమ్మదిగా జరుగుతాయి. ఒక ఎరువు వల్ల దిగుబడి పెరిగిందో లేదో ఒక్క పంట కాలంలో తెలుస్తుంది. కాని అదే ఎరువును ముప్పై ఏళ్లు వేస్తే నేలలోని సేంద్రియ కర్బనం, ఉదజని సూచిక, జింకు, గంధకం ఏ స్థితికి చేరుతాయో తెలియాలంటే ముప్పై ఏళ్లు ఆగవలసిందే. స్నాతకోత్తర విద్యార్థి పరిశోధన రెండు పంట కాలాలలో ముగుస్తుంది. నిధులిచ్చే సంస్థల పథకాలు మూడు నుంచి ఐదేళ్లలో పూర్తవుతాయి. ఈ వ్యవధులకు, నేలలో మార్పు జరిగే వ్యవధికి మధ్య ఉన్న అంతరాన్ని పూడ్చేవి దీర్ఘకాలిక ప్రయోగాలే.

ఇటువంటి ప్రయోగాన్ని ఒకే శాస్త్రవేత్త ఆద్యంతం నడపడం అసాధ్యం. ఒకరు ప్రారంభించినదాన్ని మరొకరు అందుకొని, ఇంకొకరికి అప్పగించాలి. ఈ అప్పగింతలో చేతులు మారేది మడి మాత్రమే కాదు, మడి చరిత్ర కూడా. చరిత్ర చేతికి రాకపోతే మడి మామూలు పొలంతో సమానమైపోతుంది. అందువల్ల నమూనాల, రికార్డుల భద్రతను కార్యాలయ నిర్వహణకు సంబంధించిన విషయంగా కాక, పరిశోధనా పద్ధతిలో అంతర్భాగంగా పరిగణించవలసి ఉన్నది.

2. బ్రాడ్‌బాక్ గోధుమ ప్రయోగం

లండన్ నగరానికి ఉత్తరాన హార్ట్‌ఫర్డ్‌షైర్‌లోని హార్పెండెన్ వద్ద రోథామ్‌స్టెడ్ ఎస్టేటు యజమాని జాన్ బెనెట్ లాజ్. సూపర్ ఫాస్ఫేట్ తయారీకి ఆయన 1842లో పేటెంటు పొందారు. మరుసటి సంవత్సరం రసాయన శాస్త్రవేత్త జోసెఫ్ హెన్రీ గిల్బర్ట్‌ను నియమించుకొని, 1843 శరదృతువులో బ్రాడ్‌బాక్ అనే క్షేత్రంలో గోధుమ ప్రయోగాన్ని ప్రారంభించారు. వీరిద్దరూ 57 ఏళ్లు కలిసి పనిచేశారు. లాజ్ 1900లో, గిల్బర్ట్ 1901లో మరణించారు. ప్రయోగం నేటికీ కొనసాగుతున్నది.

ఆనాటి ప్రశ్న సూటిగా ఉండేది. మొక్కకు కావలసిన నత్రజని గాలి నుంచి లభిస్తుందా, లేక నేలకు అందించాలా? ఖనిజ పోషకాలు ఇస్తే చాలునన్న జర్మన్ శాస్త్రవేత్త లీబిగ్ వాదనను పరీక్షించడానికి కొన్ని మళ్లకు ఎరువు లేకుండా, కొన్నింటికి ఖనిజ లవణాలు మాత్రమే, కొన్నింటికి వాటితోపాటు వివిధ మోతాదులలో నత్రజని, ఒక మడికి ఏటా హెక్టారుకు 35 టన్నుల పశువుల ఎరువు వేశారు. నేటి కొలతల ప్రకారం ఆనాటి నత్రజని మోతాదులు హెక్టారుకు 48, 96, 144 కిలోలు. గోధుమకు నత్రజనిని ఎరువుగా అందించక తప్పదని కొద్ది సంవత్సరాలలోనే స్పష్టమైంది.

అంటే ప్రయోగం ఏ ప్రశ్న కోసం మొదలైందో ఆ ప్రశ్నకు పందొమ్మిదవ శతాబ్దంలోనే సమాధానం దొరికింది. ఈనాటి పరిభాషలో చెప్పాలంటే 'లక్ష్యాలు నెరవేరినవి' అని నివేదిక సమర్పించి, ప్రయోగాన్ని మూసివేయడానికి తగిన కారణం ఉన్నది. లాజ్ అట్లా చేయలేదు. తన తరువాత కూడా పరిశోధన సాగడానికి 1889లో లక్ష పౌండ్ల నిధితో ఒక ట్రస్టును ఏర్పాటు చేశారు. పంట కోసిన ప్రతిసారీ గింజ, గడ్డి నమూనాలను, నిర్ణీత కాలాలలో వివిధ లోతుల మట్టి నమూనాలను ఆరబెట్టి, సీసాలలో మూసి దాచే అలవాటును మానలేదు. నేడు ఆ భాండాగారంలో సుమారు 3 లక్షల నమూనాలు ఉన్నాయి. వాటితోపాటు 1853 నుంచి వర్షపాతం నమోదులు, 1852 నుంచి బార్లీ ప్రయోగం, 1856 నుంచి పార్క్ గ్రాస్ పచ్చిక ప్రయోగం రికార్డులూ ఉన్నాయి.

3. సేకరించిన వారు ఎరుగని ప్రశ్నలు

3.1 గాలి కాలుష్యం – గోధుమ తెగుళ్లు

గోధుమ ఆకుమచ్చ తెగుళ్లను కలిగించే రెండు శిలీంధ్రాలలో ఏది ప్రబలంగా ఉంటుందన్నది కాలాన్ని బట్టి మారుతూ వచ్చింది. ఇరవయ్యవ శతాబ్దం చివరి దశాబ్దాలలో బ్రిటన్‌లో సెప్టోరియా ట్రిటిసై అనే శిలీంధ్రం, స్టాగనోస్పోరా నోడోరమ్ అనే శిలీంధ్రాన్ని వెనుకకు నెట్టింది. ఇందుకు రకాలు కారణమా, వాతావరణమా, ఎరువులా అన్నది తేలలేదు. 2005లో వెలువడిన ఒక అధ్యయనంలో శాస్త్రవేత్తలు బ్రాడ్‌బాక్ భాండాగారంలోని గోధుమ నమూనాల నుంచి డి.ఎన్.ఏ.ను వేరుచేసి, పి.సి.ఆర్. పద్ధతి ద్వారా రెండు శిలీంధ్రాల పరిమాణాన్ని 1840ల నుంచి ఏటేటా అంచనా వేశారు. ఆ రెండింటి నిష్పత్తిలోని దీర్ఘకాలిక హెచ్చుతగ్గులు, బొగ్గు మండించడం వల్ల గాలిలో కలిసిన సల్ఫర్ డయాక్సైడ్ పరిమాణంలోని హెచ్చుతగ్గులతో సన్నిహితంగా సరిపోయాయి.

లాజ్, గిల్బర్ట్ ఈ నమూనాలను దాచిననాటికి వంశపారంపర్య పదార్థం డి.ఎన్.ఏ. అని ఎవరికీ తెలియదు. పి.సి.ఆర్. పద్ధతి వచ్చింది 1980లలో. గడ్డిని దాచినవారు తెగులు కోసం దాచలేదు. అయినా నమూనా ఏ మడిది, ఏ సంవత్సరానిది అన్న వివరం సీసా మీద ఉండడం వల్లనే ఈ అధ్యయనం సాధ్యమైంది.

3.2 గింజలో జింకు, ఇనుము

2008లో వెలువడిన మరొక అధ్యయనం మానవ ఆరోగ్యానికి సంబంధించినది. బ్రాడ్‌బాక్ గోధుమ గింజలలో జింకు, ఇనుము, రాగి, మెగ్నీషియం సాంద్రత 1845 నుంచి 1960ల మధ్య వరకు స్థిరంగా ఉండి, ఆ తరువాత గణనీయంగా తగ్గింది. పొట్టి గోధుమ రకాలు ప్రవేశపెట్టిన కాలం అదే.

ఇక్కడ విద్యార్థులు గమనించవలసిన అంశం నిర్ధారణకు చేరిన విధానం. గింజలో జింకు తగ్గిందనగానే 'ఏళ్ల తరబడి పంటలు తీయడం వల్ల నేలలో జింకు తరిగింది' అని ఎవరికైనా తోస్తుంది. కాని అదే మళ్ల నుంచి దాచిన మట్టి నమూనాలను విశ్లేషిస్తే నేలలో ఆ మూలకాలు తగ్గలేదు. కొన్ని పెరిగాయి కూడా. పైగా ఎరువు వేయని మడిలోను, రసాయన ఎరువుల మడిలోను, పశువుల ఎరువు మడిలోను ఒకే ధోరణి కనిపించింది. అందువల్ల దిగుబడి పెరగడం, మొక్క మొత్తం బరువులో గింజ వాటా పెరగడం వల్ల గింజలో ఖనిజాల సాంద్రత పలుచబడిందన్న వివరణ బలపడింది. గింజ నమూనాలను మాత్రమే దాచి మట్టిని పారవేసి ఉంటే తప్పుడు వివరణే నిలిచేది. దాని ఆధారంగా చేసే సిఫారసు కూడా తప్పేది.

3.3 నేలలోని కర్బనం

పశువుల ఎరువు వేసిన బ్రాడ్‌బాక్ మడిలో సేంద్రియ కర్బనం, ఎరువు వేయని మడితో పోలిస్తే రెండింతలకు పైగా ఉన్నది. ఈ పెరుగుదల ఏ వేగంతో జరిగిందో పాత నమూనాల విశ్లేషణ వల్లనే తెలిసింది. 1950, 60 దశకాలలో జరిగిన అణ్వస్త్ర పరీక్షలు గాలిలో రేడియో కర్బనాన్ని పెంచాయి. అంతకు ముందు తీసిన మట్టిని, ఆ తరువాత తీసిన మట్టిని పోల్చి, కొత్త కర్బనం నేలలోకి ఎంత వేగంగా చేరుతున్నదో, పాత కర్బనం ఎంతకాలం నిలుస్తున్నదో లెక్కగట్టారు. జెంకిన్‌సన్, రేనర్ 1977లో ప్రచురించిన నమూనా గణితం ఈ ఆధారాల మీద నిర్మితమైంది. తరువాత రోథ్-సి అన్న పేరుతో వాతావరణ మార్పుల అధ్యయనాలలో అది విస్తృతంగా వాడుకలోకి వచ్చింది. అణు పరీక్షలకు ముందటి మట్టిని ఈనాడు ఎంత ఖర్చు పెట్టినా కొత్తగా తీయలేము. అది సీసాలో ఉండాలి, లేదా లేనట్లే.

4. అంకెలకు పక్కన రాసిన వివరాల విలువ

నమూనాలతో సమానంగా క్షేత్ర రికార్డులకూ ప్రాధాన్యం ఉన్నది. 1919లో రోథామ్‌స్టెడ్ సంచాలకులు జాన్ రసెల్, అప్పటికి పేరుకుపోయిన దిగుబడి అంకెలను పరిశీలించడానికి రొనాల్డ్ ఫిషర్ అనే యువ గణితవేత్తను నియమించారు. ఫిషర్ 1852 నుంచి 1918 వరకు 67 ఏళ్ల బ్రాడ్‌బాక్ దిగుబడులను తీసుకొని, వాటిలోని వైవిధ్యాన్ని మూడు భాగాలుగా విడదీశారు. ఒకటి, సంవత్సరానికీ సంవత్సరానికీ మధ్య వచ్చే హెచ్చుతగ్గులు. రెండు, భూసారం క్రమంగా తరగడం. మూడు, ఈ రెండింటికీ చెందని నెమ్మదైన మార్పులు. ఈ అధ్యయనం 1921లో వెలువడింది.

మూడవ భాగం ఆయనను ఆలోచింపజేసింది. వర్షపాతం గాని, ఎరువు గాని దాన్ని వివరించలేకపోయాయి. కలుపు ఉధృతిలో వచ్చిన మార్పులను ఆయన కారణంగా సూచించారు. ఒకప్పుడు పిల్లలు చేతితో కలుపు తీసేవారు. 1870, 80 దశకాలలో వచ్చిన విద్యా చట్టాలు బడికి వెళ్లడాన్ని తప్పనిసరి చేయడంతో ఆ కూలీలు దొరకడం తగ్గింది. కలుపు గురించి, కూలీల గురించి రాసి ఉంచిన మాటలు లేకపోతే దిగుబడి పట్టిక మాత్రమే చూసినవారికి అది భూసార క్షీణతగానే కనిపిస్తుంది.

తొలినాటి ఈ ప్రయోగాలలో మళ్ల పునరావృతం లేదు, యాదృచ్ఛిక కేటాయింపు లేదు. ఆ లోపాన్ని గుర్తించిన చోటనే, ఆ పాత అంకెలతో పెనుగులాడిన అనుభవంతోనే ఫిషర్ ఆధునిక ప్రయోగ రచనా సూత్రాలను రూపొందించారు. 1925లో, 1935లో ప్రచురితమైన ఆయన గ్రంథాలు నేటికీ మన గణాంకశాస్త్ర పాఠ్యాంశాలకు పునాది.

పాత సేకరణల నుంచి కొత్త పద్ధతులు పుట్టడానికి తెలుగువారికి సన్నిహితమైన మరో ఉదాహరణ ఉన్నది. ఆంధ్ర విశ్వకళాపరిషత్తులో గణితం చదివిన సి.ఆర్. రావు, 1946లో కేంబ్రిడ్జి వెళ్లి అక్కడి మ్యూజియంలో పనిచేశారు. సూడాన్‌లోని జెబెల్ మోయా తవ్వకాలలో దశాబ్దాల క్రితం లభించిన మానవ అస్థిపంజరాల కొలతలను విశ్లేషించడం ఆయనకు అప్పగించిన పని. ఫిషర్ పర్యవేక్షణలో ఆయన 1948లో సమర్పించిన డాక్టరేటు పరిశోధన బహుచరరాశుల విశ్లేషణకు సంబంధించినది. మొక్కల ప్రజనన శాస్త్రంలో మనం వాడే జన్యు వైవిధ్య విశ్లేషణ పద్ధతులు ఆ సంప్రదాయానికి చెందినవే.

5. మన దేశంలో దీర్ఘకాలిక ప్రయోగాలు

రోథామ్‌స్టెడ్‌కు, భారత వ్యవసాయ పరిశోధనకు సంబంధం పాతదే. 1860లలో బ్రాడ్‌బాక్ మళ్ల కింది మురుగు గొట్టాల నుంచి వచ్చే నీటిని విశ్లేషించి, నత్రజని నైట్రేటు రూపంలో కొట్టుకుపోతున్నదని చూపినవారిలో ఆగస్టస్ వోల్కర్ ఒకరు. ఆయన కుమారుడు జాన్ ఆగస్టస్ వోల్కర్ 1889లో భారతదేశానికి వచ్చి, ఏడాదికి పైగా పర్యటించి, భారత వ్యవసాయాభివృద్ధి మీద 1893లో నివేదికను వెలువరించారు. భారతీయ రైతు నైపుణ్యంలో సగటు బ్రిటిష్ రైతుకు తీసిపోడని అందులో ఆయన అభిప్రాయపడ్డారు. పేడ వంటచెరకుగా మారడం వల్ల నేలకు ఎరువు కరువవుతున్నదని కూడా గుర్తించారు.

రోథామ్‌స్టెడ్ తరహాలో కాన్పూరులో 1885లో, బీహారులోని పూసాలో 1908లో, కోయంబత్తూరులో 1909లో శాశ్వత ఎరువుల ప్రయోగాలు మొదలయ్యాయి. వీటిలో కోయంబత్తూరు ప్రయోగం తమిళనాడు వ్యవసాయ విశ్వవిద్యాలయంలో నేటికీ కొనసాగుతున్నది. 1934 జనవరి 15న సంభవించిన భూకంపంలో పూసా సంస్థ ప్రధాన భవనం తీవ్రంగా దెబ్బతిన్నది. 1936లో ఆ సంస్థ ఢిల్లీకి తరలిపోయింది. ఒకే చోట, ఒకే ప్రతిగా ఉండే రికార్డుకు ఎటువంటి ప్రమాదం పొంచి ఉంటుందో ఈ సంఘటన హెచ్చరిస్తుంది.

హరిత విప్లవం తొలినాళ్లలో, అధిక దిగుబడి రకాలకు ఏటా అధిక మోతాదులో ఎరువులు వేస్తే నేల ఏమవుతుందన్న ప్రశ్నతో భారత వ్యవసాయ పరిశోధనా మండలి 1970లో దీర్ఘకాలిక ఎరువుల ప్రయోగాల అఖిల భారత సమన్వయ పథకాన్ని 11 కేంద్రాలలో ప్రారంభించింది. వాటిలో హైదరాబాదు ఒకటి. తరువాతి కాలంలో జగిత్యాల ఈ పథకంలో చేరింది. రెండు చోట్లా వరి-వరి పంటల సరళినే అధ్యయనానికి తీసుకున్నారు. సిఫారసు చేసిన మోతాదులో 50, 100, 150 శాతం నత్రజని-భాస్వరం-పొటాష్, నత్రజని మాత్రమే, నత్రజని-భాస్వరం, పూర్తి మోతాదుతోపాటు జింకు, పూర్తి మోతాదుతోపాటు పశువుల ఎరువు, గంధకం లేని పూర్తి మోతాదు, ఎరువు లేని మడి మొదలైనవి ఇందులోని ప్రధాన యాజమాన్యాలు.

ఈ ప్రయోగాలు తేల్చిన విషయాలు విస్తరణ శాస్త్రవేత్తలకు సుపరిచితమే. రాంచీ, పాలంపూర్, బెంగళూరు వంటి ఆమ్ల నేలలలో నత్రజని ఒక్కటే వేసిన మళ్లు కాలక్రమంలో దాదాపు నిస్సారమయ్యాయి. పంత్‌నగర్‌లో మొదట లేని జింకు లోపం తరువాత బయటపడింది. పూర్తి మోతాదు ఎరువులకు పశువుల ఎరువు జోడించిన మళ్లే దాదాపు అన్ని కేంద్రాలలో దిగుబడిని నిలుపుకొన్నాయి. ఇవేవీ మూడేళ్ల పథకంలో తెలిసేవి కావు.

వర్షాధార ప్రాంతాలకు సంబంధించి అనంతపురంలో 1985లో మొదలైన వేరుశనగ ప్రయోగం ముఖ్యమైనది. సిఫారసు చేసిన ఎరువులలో సగానికి హెక్టారుకు 4 టన్నుల వేరుశనగ పొట్టు లేదా పశువుల ఎరువు జోడించిన యాజమాన్యాలను అందులో పరీక్షించారు. పటాన్‌చెరులోని ఇక్రిశాట్‌లో నల్లరేగడి నేలల మీద 1976 నుంచి సాగుతున్న వాటర్‌షెడ్ ప్రయోగంలో, మెరుగైన నేల, నీరు, పంట యాజమాన్యం కింద ఏటా సగటున హెక్టారుకు 5.1 టన్నుల ధాన్యం దిగుబడి రాగా, సంప్రదాయ పద్ధతిలో 1.1 టన్నులే వచ్చింది. ముప్పై ఏళ్లకు పైబడిన రికార్డు ఉన్నందువల్ల ఈ వ్యత్యాసం ఒక మంచి ఏడాది ప్రభావం కాదని నిస్సందేహంగా చెప్పగలుగుతున్నాము.

6. ఒక్క వివరం లోపిస్తే

రికార్డుల లోపం వల్ల కలిగే నష్టం ఎంతటిదో నాలుగు లెక్కలతో చూద్దాం. విద్యార్థులు వీటిని స్వయంగా చేసి చూడవలెను.

అ) ఎరువు పేరు. రిజిస్టరులో 'హెక్టారుకు 60 కిలోల భాస్వరం' అని మాత్రమే ఉన్నదనుకుందాం. దాన్ని 16 శాతం భాస్వరం గల సింగిల్ సూపర్ ఫాస్ఫేట్ రూపంలో వేసి ఉంటే 375 కిలోల ఎరువు పడుతుంది. అందులో సుమారు 11 శాతం గంధకం ఉంటుంది కనుక ప్రతి పంటకూ 41 కిలోల గంధకం అదనంగా చేరినట్లే. డి.ఎ.పి. రూపంలో వేసి ఉంటే గంధకం చేరదు. పాతికేళ్ల తరువాత ఆ మళ్ల దిగుబడిలో తేడా కనిపిస్తే, అది భాస్వరం వల్లనా గంధకం వల్లనా అన్నది ఎరువు పేరు రాయని రిజిస్టరు చెప్పలేదు.

ఆ) నేల స్థూల సాంద్రత. సేంద్రియ కర్బనం 0.5 శాతం, లోతు 15 సెం.మీ. అనుకుందాం. స్థూల సాంద్రత ఘన సెం.మీ.కు 1.4 గ్రాములైతే హెక్టారులో మట్టి బరువు 2100 టన్నులు, కర్బనం 10.5 టన్నులు. అదే సాంద్రత 1.6 అయితే మట్టి 2400 టన్నులు, కర్బనం 12 టన్నులు. ప్రారంభ సంవత్సరపు సాంద్రతను కొలవక, ఊహించి వేసుకుంటే 1.5 టన్నుల వరకు తేడా రాగలదు. ఇరవై ఏళ్ల ప్రయోగంలో ఇది ఏటా 75 కిలోల కర్బనం 'నిక్షిప్తమైనట్లు' చూపుతుంది. వాస్తవానికి నేలలో ఒక్క గ్రాము కూడా చేరి ఉండకపోవచ్చు. కర్బన పరపతుల పేరిట రైతులకు చెల్లింపుల ప్రస్తావన వస్తున్న ఈ రోజులలో ఇటువంటి పొరపాటుకు మూల్యం చెల్లించేది రైతే.

ఇ) సాగునీరు. లీటరుకు 4 మిల్లీగ్రాముల పొటాషియం ఉన్న నీటిని వరికి 1200 మి.మీ. పెడితే హెక్టారుకు 48 కిలోల పొటాషియం అందుతుంది. కాలువ నీటి నుంచి బోరు నీటికి మారిన సంవత్సరాన్ని రాసి ఉంచకపోతే, పొటాష్ వేయని మడిలో దిగుబడి ఎందుకు మారిందో ఎవరూ వివరించలేరు.

ఈ) కొలమానం. పూర్వపు మద్రాసు రాష్ట్రపు పరిశోధనా స్థానాల రికార్డులను చదివేటప్పుడు మణుగు అన్న మాట దగ్గర ఆగవలెను. ఎనిమిది వీశెల మద్రాసు మణుగు సుమారు 11.2 కిలోలు. ఉత్తరాదిలో ప్రామాణికమైన మణుగు సుమారు 37.3 కిలోలు. ఒకదాన్ని మరొకటిగా భావిస్తే దిగుబడి మూడింతలకు పైగా మారిపోతుంది. ఎకరాకు పౌండ్లలో ఉన్న అంకెను 1.12తో గుణిస్తే హెక్టారుకు కిలోలు వస్తాయి. పాత రికార్డును కంప్యూటరులోకి ఎక్కించేటప్పుడు అసలు కొలమానాన్ని, అసలు అంకెను యథాతథంగా ఉంచి, మార్చిన అంకెను పక్క గడిలో వేయవలెను. అసలును చెరిపివేయరాదు.

7. భాండాగారానికీ పరిమితులున్నాయి

దాచిన ప్రతి నమూనా ప్రతి ప్రశ్నకూ సమాధానం చెప్పదు. గాలికి ఆరిన మట్టిలో నైట్రేటు, అమ్మోనియా రూపాలు మారతాయి; సూక్ష్మజీవుల సంఖ్య, ఎంజైముల చర్య తగ్గుతాయి. కనుక వీటిని తాజా మట్టిలోనే నిర్ణయించవలెను. మొత్తం కర్బనం, మొత్తం నత్రజని, మొత్తం భాస్వరం, భార లోహాలు వంటివి పొడి నమూనాలో దీర్ఘకాలం నమ్మదగినవి. ఇనుప డబ్బాలో దాచిన మట్టిలో ఇనుము, జింకు విశ్లేషణ అనుమానాస్పదం అవుతుంది. నమూనాతోపాటు దాన్ని దాచిన పాత్ర వివరమూ రికార్డులో ఉండవలసినది ఇందుకే.

రకాల మార్పు మరొక చిక్కు. బ్రాడ్‌బాక్‌లో ఇరవయ్యవ శతాబ్దం మొదటి భాగంలో ప్రధానంగా స్క్వేర్‌హెడ్స్ మాస్టర్ అనే రకాన్ని సాగుచేశారు. 1968లో కాపెల్ డెప్రె వచ్చింది. మన వరి ప్రయోగాలలో రకాలు ఇంకా త్వరగా మారాయి. రకం మారిన సంవత్సరంలో దిగుబడి పెరిగితే అది నేల మెరుగుదల కాదు. సాధ్యమైనచోట పాత రకాన్ని, కొత్త రకాన్ని కనీసం ఒకటి రెండు పంట కాలాలు పక్కపక్కన వేసి, తేడాను కొలిచి మార్చడం మేలు.

విశ్లేషణ పద్ధతుల మార్పు విషయంలోనూ ఇదే జాగ్రత్త అవసరం. వాక్లీ-బ్లాక్ పద్ధతిలో వచ్చిన కర్బనాన్ని, పొడి దహన పద్ధతిలో వచ్చిన కర్బనాన్ని నేరుగా పోల్చరాదు. మొదటి పద్ధతి కర్బనాన్ని పూర్తిగా ఆక్సీకరణం చేయదు. పాత నమూనా నిల్వలో ఉంటే రెండు పద్ధతులలోనూ విశ్లేషించి సంబంధాన్ని నిర్ధారించవచ్చు. నమూనా లేకపోతే ఆ రెండు కాలాల అంకెలు ఎప్పటికీ వేర్వేరు భాషలలోనే ఉండిపోతాయి.

8. పరిశోధనా స్థానాలు పాటించదగిన పద్ధతి

పెద్ద భవనాలు, ఖరీదైన పరికరాలు లేకుండానే ఈ కింది పనులు చేయవచ్చు.

• ప్రయోగ ప్రారంభంలోనే ప్రతి మడి నుంచి 0–15, 15–30 సెం.మీ. లోతులలో మట్టి తీసి, నీడన ఆరబెట్టి, 2 మి.మీ. జల్లెడ పట్టి, కనీసం అర కిలో శాశ్వత నిల్వకు కేటాయించవలెను. ప్రారంభ నమూనాను విశ్లేషణలతో పూర్తిగా ఖర్చు చేయరాదు.

• తరువాత ప్రతి ఐదేళ్లకు ఒకసారి, అదే నెలలో, అదే పంట కోసిన తరువాత మట్టి నమూనాలు తీయవలెను. స్థూల సాంద్రతను అప్పుడే కొలవవలెను.

• గింజ, గడ్డి నమూనాలను 60–65 డిగ్రీల సెల్సియస్ వద్ద ఆరబెట్టి, పురుగు పట్టని విధంగా గాలి చొరని సీసాలలో ఉంచవలెను.

• సీసా లోపల ఒకటి, బయట ఒకటి చొప్పున రెండు చీటీలు పెన్సిలుతో రాసి ఉంచవలెను. ప్రయోగం పేరు, మడి సంఖ్య, పునరావృతం, లోతు, తేదీ, సేకరించినవారి పేరు అందులో ఉండవలెను. 'టి-5' అని మాత్రమే రాసిన చీటీ పదేళ్ల తరువాత నిరుపయోగం.

• మళ్ల పటాన్ని శాశ్వత గుర్తుల నుంచి కొలిచిన దూరాలతోను, ఉపగ్రహ స్థాన నిర్దేశాంకాలతోను రాయవలెను. గట్లు జరిగిపోతే మడి మడిలో కలిసిపోతుంది.

• క్షేత్ర రిజిస్టరులో ఎరువుల రూపం, విత్తన రకం, నీటి వనరు, కలుపు తీత, పురుగు మందులు, తుఫాను, ముంపు, పశువులు మేయడం వంటి సంఘటనలన్నీ జరిగిన రోజునే నమోదు కావలెను.

• నమూనాను ఎవరికి, ఎంత, ఎందుకు ఇచ్చామో ప్రత్యేక పుస్తకంలో రాయవలెను. పాత నమూనాను వాడదలచిన వారు ముందుగా ఎంత తక్కువ పరిమాణంతో పని జరుగుతుందో నిరూపించవలెను.

• రిజిస్టరును ఏటా స్కాన్ చేసి, ఒక ప్రతిని స్థానంలోను, ఒక ప్రతిని విశ్వవిద్యాలయ ప్రధాన కేంద్రంలోను ఉంచవలెను. సిద్ధాంత గ్రంథాలు కృషికోశ్ వంటి డిజిటల్ భాండాగారాలలో లభిస్తున్నాయి. వాటికి ఆధారమైన ముడి అంకెలకు కూడా అటువంటి చోటు కల్పించవలెను.

• శాస్త్రవేత్త బదిలీ లేదా పదవీ విరమణ సమయంలో ఇతర సామగ్రితోపాటు క్షేత్ర రిజిస్టర్లను, నమూనాల జాబితాను లెక్కచూసి అప్పగించడం నియమం కావలెను.

చివరి అంశాన్ని నొక్కి చెప్పవలసి ఉన్నది. కుర్చీలకు, బీరువాలకు సామగ్రి రిజిస్టరులో సంఖ్య ఉంటుంది. ముప్పై ఏళ్ల మట్టి నమూనాలకు ఆ గుర్తింపు లేదు. గది ఖాళీ చేయవలసి వచ్చినప్పుడు ముందుగా బయటకు వెళ్లేవి అవే. నమూనాల జాబితా కూడా సంస్థ ఆస్తుల పట్టికలో చేరితే వాటిని పారవేయడానికి అనుమతి అడగవలసి వస్తుంది. ఆ ఒక్క మార్పుతో చాలా నష్టాన్ని నివారించవచ్చు.

ఇంకొక విషయం. 1964లో ఏర్పడిన ఆంధ్రప్రదేశ్ వ్యవసాయ విశ్వవిద్యాలయపు పరిశోధనా స్థానాలు నేడు రెండు రాష్ట్రాల విశ్వవిద్యాలయాల పరిధిలో ఉన్నాయి. ఉమ్మడి కాలపు ప్రయోగాల రికార్డులు, నమూనాలు ఏ స్థానంలో ఏవి ఉన్నాయో తెలిపే ఉమ్మడి సూచికను రెండు వైపుల శాస్త్రవేత్తలు కలిసి తయారుచేసుకోవడం ఉభయులకూ ప్రయోజనకరం. నేలలకు, పంటలకు రాష్ట్ర సరిహద్దుతో పని లేదు.

9. ముగింపు

బ్రాడ్‌బాక్ మళ్లు నేటికీ విలువైనవి కావడానికి అక్కడి నేల ప్రత్యేకత కారణం కాదు. ఏటా చేసిన పనిని ఏటా రాయడం, తీసిన నమూనాను పేరుతో సహా దాచడం అక్కడ అలవాటుగా మారింది. మన నేలలలో జింకు, గంధకం, బోరాన్ లోపాలు, సూక్ష్మ ప్లాస్టిక్కులు, కలుపు మందుల అవశేషాలు, మందులకు లొంగని సూక్ష్మజీవుల జన్యువులు మొదలైన అంశాల మీద రాబోయే తరం ప్రశ్నలు అడగనున్నది. అందులో కొన్ని ప్రశ్నలు మనకింకా తోచనైనా తోచలేదు. వాటికి 2020ల నాటి మట్టి, గింజ అవసరమవుతాయి. ఈ వానాకాలం పంట కోసిన తరువాత ప్రతి స్థానంలో, నడుస్తున్న దీర్ఘకాలిక ప్రయోగానికి సంబంధించిన నమూనాల జాబితా ఒకటి తయారుచేయగలిగితే, ఆ పని మొదలైనట్లే. ఇందుకు కొత్త పథకం గాని, ప్రత్యేక నిధి గాని అవసరం లేదు. రెండు రోజుల సమయం, ఒక రిజిస్టరు చాలు.